అడ్డపొగ తాగిన పెద్దమ్మకు అంగిట్లో మచ్చ, వక్క మాత్రమే నమిలిన తమ్ముడికి నోరు తెరుచుకోవడం లేదు: కణంలో అసలు ఏం జరుగుతుంది?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. నేను గజపతి జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెబుతున్నాను. గత మూడు నెలలుగా మా ఇంట్లో జరుగుతున్న సంగతులు నన్ను ఒక ప్రశ్న దగ్గర నిలబెట్టాయి. చికిత్స సంగతి వైద్యులు చూసుకుంటున్నారు కనుక దాని గురించి అడగడం లేదు. నాకు తెలియవలసింది కారణం.

మా పెద్దమ్మకు 71 ఏళ్ళు. పదహారో ఏట నుంచి చుట్ట తాగుతోంది. అదీ మన తీరప్రాంతపు ఆడవాళ్ళ పద్ధతిలో, నిప్పున్న కొసను నోటిలోపల పెట్టుకుని తాగే అడ్డపొగ. కిందటి నెల పన్ను నొప్పి అని డాక్టరుకు చూపిస్తే, ఆయన పన్ను సంగతి పక్కన పెట్టి, అంగిలి మీద తెల్లగా ఉండి మధ్యలో ఎరుపు తేలిన మచ్చను చూపించి, అందులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. ఇక మా పిన్ని కొడుకుకు 33 ఏళ్ళు. కాశీనగరంలో దుకాణం నడుపుతాడు, జీవితంలో ఒక్క బీడీ కాల్చలేదు. పొగాకు లేదు కాబట్టి ప్రమాదం లేదని నమ్మి, ఉదయం షట్టరు ఎత్తింది మొదలు రాత్రి దించే వరకు వక్కపొడి పొట్లాలు నములుతూ ఉండేవాడు. ఇప్పుడు వాడి నోట్లో రెండు వేళ్ళు కూడా పట్టడం లేదు. ముద్దలో కాస్త కారం తగిలినా కళ్ళ నీళ్ళు పెట్టుకుంటున్నాడు.

వీరిద్దరి గురించి మాట్లాడినప్పుడల్లా ఇంటికి వచ్చిన బంధువులు మా నాయనమ్మను సాక్ష్యానికి తెస్తారు. ఆమె 88 ఏళ్ళు బతికింది, పోయే ముందు వారం వరకు అడ్డపొగ మానలేదు, నోటికి ఏ జబ్బూ రాలేదు. "అంతా రాత, చుట్టకేం సంబంధం" అని వారంటారు. ఆ మాట తప్పని నాకు తెలుసు, కాని ఎందుకు తప్పో వారికి అర్థమయ్యేలా చెప్పలేకపోతున్నాను.

కాబట్టి అడుగుతున్నాను. పొగలోనో వక్కలోనో ఉన్న పదార్థం కణంలోకి వెళ్ళి ఒక జన్యువును ఎలా మార్చగలదు? ఆ మార్పు మా పిల్లలకు సంక్రమిస్తుందా? ఒకే అలవాటు ఒకరిని ముప్పైలలో పట్టుకుని, మరొకరిని ఎనభై దాటినా ఎందుకు వదిలేస్తుంది? యాభై ఐదేళ్ళు తాగిన మనిషి ఇప్పుడు మానితే ప్రయోజనం ఏమైనా ఉందా? అరిగి పదునెక్కిన పన్ను గీసుకోవడం వల్ల కూడా క్యాన్సర్ వస్తుందంటారు, అది నిజమా? నా తొమ్మిదో తరగతిలో పొద్దున్నే గుడాఖు అనే పొగాకు ముద్దతో పళ్ళు తోముకుని వచ్చే పిల్లలున్నారు. వారికి కూడా చెప్పాలి, కనుక దయచేసి కొంచెం వివరంగా చెప్పండి.


సూక్ష్మదర్శిని (బరంపురం)

మాస్టారు గారూ, నేను వైద్య కళాశాలలో పాథాలజీ బోధించి పదవీ విరమణ చేసినవాడిని. నోటి నుంచి తీసిన ముక్కలను సూక్ష్మదర్శిని కింద చూడటంలోనే ముప్పై ఏళ్ళకు పైగా గడిపాను. మీ ప్రశ్నలలో మొదటిది సరిగ్గా అర్థమైతే మిగిలినవాటికి దారి అందులోనే దొరుకుతుంది కాబట్టి దాని దగ్గరే ఎక్కువసేపు ఉంటాను.

నోటి లోపలి పొర చాలా వేగంగా పాతబడి కొత్తదవుతుంది. అడుగు వరుసలో ఉండే మూలకణాలు విభజన చెందుతూ కొత్త కణాలను పైకి పంపుతాయి, పైవి రాలిపోతాయి. బుగ్గ లోపలి పొర సుమారు రెండు వారాలలో మొత్తం మారిపోతుంది. విభజన జరిగిన ప్రతిసారీ ఆ కణం తన డీఎన్ఏకు నకలు రాసుకోవాలి. తల్లి వైపు నుంచి వచ్చినవి 300 కోట్ల అక్షరాలు, తండ్రి వైపు నుంచి వచ్చినవి అన్నే. లిపిలో ఉన్నవి మాత్రం నాలుగే అక్షరాలు: అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. అడినిన్‌కు ఎదురుగా థైమిన్, గ్వానిన్‌కు ఎదురుగా సైటోసిన్ కూర్చుంటాయి, మరో జత కుదరదు. నకలు రాసే ఎంజైము రాస్తూనే తన తప్పు తాను దిద్దుకుంటుంది, దాని వెనుక మరో బృందం వచ్చి మళ్ళీ సరిచూస్తుంది. ఇన్ని చేతులు దిద్దిన తరువాత మిగిలే తప్పు వంద కోట్ల అక్షరాలకు ఒకటి కూడా ఉండదు.

ఇక్కడ ఒక తేడా గుర్తించాలి, ఎందుకంటే చదువుకున్నవారు కూడా ఈ రెండింటినీ కలిపేస్తారు. డీఎన్ఏకు దెబ్బ తగలడం వేరు, మ్యుటేషన్ వేరు. దెబ్బలు ప్రతి కణానికీ రోజుకు వేల సంఖ్యలో తగులుతూనే ఉంటాయి; ఏ అలవాటూ లేని మనిషికి కూడా, ఊపిరి తీసుకుని అన్నం అరిగించుకున్నందుకే తగులుతాయి. వాటిని మరమ్మతు చేసే ఏర్పాటు కణంలోనే ఉంది. అయితే ఆ మరమ్మతు నకలు రాసే సమయానికల్లా పూర్తి కావాలి. దెబ్బ తిన్న అక్షరం ఎదుట, నకలు రాసేటప్పుడు, తప్పు అక్షరం వచ్చి కూర్చున్నదనుకోండి. ఆ మీదటి విభజనలో ఆ తప్పు అక్షరానికి సరైన జత వచ్చి చేరుతుంది. అప్పుడు రెండు పోగులూ ఒకదానితో ఒకటి ఏకీభవిస్తాయి, దిద్దేవారికి అనుమానం రావడానికి ఏ ఆనవాలూ మిగలదు. ఆ క్షణం నుంచి అది మ్యుటేషన్, మన పాఠ్యపుస్తకాలు ఉత్పరివర్తనం అనేది. ఆ కణానికి పుట్టే సంతతి అంతటికీ అదే అసలు ప్రతి అవుతుంది.

పొగాకు చేసే పనిని ఈ నేపథ్యంలో చూడాలి. పొగాకు ఆకును ఆరబెట్టి మాగబెట్టేటప్పుడే అందులో నైట్రోసమీన్లు అనే పదార్థాలు తయారవుతాయి. వీటిలో ఎన్‌ఎన్‌కే, ఎన్‌ఎన్‌ఎన్ అనే రెండు అన్నిటికన్నా చెడ్డవి. కాల్చినా, నమిలినా, పళ్ళకు రుద్దినా ఇవి ఉంటాయి కనుక పొగ లేదు కదా అన్న ధైర్యానికి ఆధారం లేదు. విచారకరమైన విషయం ఏమిటంటే, ఇవి నోట్లోకి వచ్చినప్పుడు ఉన్న రూపంలో డీఎన్ఏను ఏమీ చేయలేవు. వీటిని నీటిలో కరిగేలా మార్చి బయటకు పంపడానికి మన శరీరపు ఎంజైములే ప్రయత్నిస్తాయి, ఆ ప్రయత్నం మధ్యలో పుట్టే రూపమే డీఎన్ఏను పట్టుకుంటుంది. ఎన్‌ఎన్‌కే విడిచిన మిథైల్ సమూహం గ్వానిన్‌కు ఒక నిర్దిష్టమైన చోట అతుక్కుంటే, ఆ గ్వానిన్ ఇక సైటోసిన్‌ను కాక థైమిన్‌ను పిలుస్తుంది. ఈ అతుకును పీకేయడానికి ఎంజీఎంటీ అనే ప్రోటీన్ ఉంది, కాని దాని ఒక్కో అణువు ఒక్క మరమ్మతే చేయగలదు. మిథైల్‌ను తన మీదికి తీసుకుని, అంతటితో తాను పనికిరాకుండా పోతుంది. గంటకోసారి ఖైనీ పెట్టుకునే మనిషి నోట్లో ఈ అణువులు తయారయ్యే వేగం, ఖర్చయ్యే వేగం ఎలా ఉంటాయో మీరే ఊహించగలరు.

చుట్టలో దీనికి తోడు నిప్పు ఉంది. ఆకు మండినప్పుడు వచ్చే బెంజోపైరీన్ అనే పదార్థం కూడా శరీరంలో మారి గ్వానిన్ మీద పెద్ద బరువులాగా కూర్చుంటుంది; అలాంటి చోట గ్వానిన్ స్థానంలో థైమిన్ చేరడం తరచుగా జరుగుతుంది. పొగతాగేవారి క్యాన్సర్ కణాలను చదివినప్పుడు ఈ రకం మార్పు ఎక్కువగా కనిపించడం వేలిముద్ర దొరికినట్టే. అడ్డపొగలో పొగ, వేడి రెండూ తిన్నగా అంగిలికే తగులుతాయి. వేడికి పైపొర కణాలు చచ్చిపోతే అడుగు కణాలు ఖాళీని పూడ్చడానికి మరింత తొందరగా విభజన చెందాలి, అంటే మరమ్మతుకు దొరికే గడువు తగ్గుతుంది. గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం ప్రపంచంలో మిగతా చోట్ల అరుదు. మన దగ్గర, శ్రీకాకుళం విశాఖపట్నం తీరంలోను, ఇటు గంజాం వైపు జాలరి పల్లెల్లోను అది అరుదు కాదు. శ్రీకాకుళం జిల్లా అడ్డపొగ గురించి డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, మన దేశపు పరిశోధకులతో కలిసి 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి 1971 లో ఫలితాలు ప్రచురించారు. ప్రపంచ వైద్య గ్రంథాలలో మన పల్లెల పేరు ఈ కారణంగా నిలిచిపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగించేదే.

ఇప్పుడు మీ నాయనమ్మ గారి సంగతి. మీరు గణితం చెప్పేవారు కనుక గవ్వలతో చెబుతాను. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ బోర్లా పడితే అష్టా. పదహారు వేతలకు సగటున ఒకసారి పడుతుంది. ఒకరికి మొదటి వేతకే పడవచ్చు, మరొకరికి పొద్దంతా ఆడినా పడకపోవచ్చు. పడని మనిషిని చూపించి ఈ గవ్వలకు అష్టా లేదని ఎవరూ అనరు. డీఎన్ఏలో దెబ్బ ఎక్కడ తగలాలో నిర్ణయించేవారు లేరు. 300 కోట్ల అక్షరాలలో చాలా భాగం మారినా కణం తీరు మారదు. ప్రమాదమంతా కొన్ని జన్యువులలో ఉంది: కణం విభజనకు కళ్ళెం వేసేవి, దెబ్బతిన్న కణాన్ని ఆపి మరమ్మతు చేయించేవి, బాగుపడని కణాన్ని చావనిచ్చేవి. 17వ క్రోమోజోము మీద ఉండే టీపీ53 ఈ పనులన్నిటికీ పెద్ద దిక్కు, నోటి క్యాన్సర్లలో ఎక్కువగా చెడిపోయి కనిపించేది కూడా అదే. 9వ క్రోమోజోము మీది సీడీకేఎన్2ఏ చాలా ముందుగానే, ఇంకా మచ్చ దశలోనే పోతుంది. కళ్ళెం జన్యువులకు ప్రతి కణంలోను రెండేసి ప్రతులుంటాయి, సాధారణంగా రెండూ పోతేనే కళ్ళెం తెగుతుంది. ఈ రెండు దెబ్బల సూత్రాన్ని 1971 లో ఆల్ఫ్రెడ్ నూడ్సన్ కంటి క్యాన్సర్ విషయంలో ప్రతిపాదించాడు.

అంటే ఒక్క అష్టా చాలదు. ఒకే కణవంశంలో అనేక అష్టాలు, ఏళ్ళ తరబడి, ఒకదాని మీద ఒకటి పడాలి. అందుకే ఈ జబ్బుకు సాధారణంగా పది, ఇరవై, ముప్పై ఏళ్ళు పడుతుంది. అయితే ఆట మొదటి నుంచి చివరి వరకు ఒకే తీరుగా సాగదు. మొదటి మార్పు ఒక కణానికి పక్కవాటికంటే కాస్త ఎక్కువగా పెరిగే వీలు ఇచ్చిందంటే, దాని సంతతి చుట్టూ వ్యాపించి జానెడు నేలను ఆక్రమించిన గరికలాగా అవుతుంది. అప్పుడు గవ్వలు వేసే చేతులు వేలకు వేలు. పైకి చూస్తే ఆరోగ్యంగా కనిపించే పొర కూడా అప్పటికే మారి ఉండవచ్చునని, ఒకచోట గడ్డ తీసేసినా పక్కన మరొకటి రావడానికి కారణం అదేనని స్లాటర్, ఆయన సహచరులు 1953 లోనే గమనించారు. మీ నాయనమ్మ గారికి గవ్వలు అనుకూలించాయి. కాని ఆమెతో కలిసి చుట్ట తాగిన ఈడు ఆడవాళ్ళు ఎందరు, వారిలో అన్నం మింగలేక పోయినవారు ఎందరో ఆ బంధువులను లెక్కవేయమనండి. మిగిలినవారిని మనం చూస్తూ ఉంటాం, పోయినవారు సాక్ష్యం చెప్పడానికి రారు.

సంక్రమణ గురించి ఒక్క మాట చాలు: ఈ మార్పులు నోటి కణాలలో పుట్టి ఆ మనిషితోనే ఆగిపోతాయి, అండంలోకో వీర్యంలోకో వెళ్ళవు. ఫాంకోనీ రక్తహీనత వంటి, మరమ్మతు వ్యవస్థే పుట్టుకతో లోపించిన అరుదైన జబ్బులలో మాత్రం నోటి క్యాన్సర్ ముప్పు వంశంలో ఉంటుంది. మీ ఇంట్లో తరతరానికీ అందింది అలవాటు.


కెరటం (గోపాలపురం దగ్గరి పల్లె)

నమస్కారమండీ. మాస్టారు గారు రాసింది చదివాక మాట్లాడకుండా ఉండలేకపోయాను. మాది జాలరి కుటుంబం, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా అమ్మ అడ్డపొగ తాగేది, మా అత్తలందరూ తాగేవారు. బయటివారు ఇది వింత అలవాటు అనుకుంటారు కాబట్టి దీని వెనుక ఉన్నదేమిటో చెప్పాలి. ఒడ్డున గాలికి చుట్ట ఆరిపోతుంది, నీటి తుంపరకు తడుస్తుంది. నిప్పు నోట్లో ఉంటే ఆరదు. వల సరిచేస్తున్నా, చేపలు ఎండబెడుతున్నా, చంకలో బిడ్డ ఉన్నా రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, నిప్పురవ్వ బిడ్డ మీద పడదు. ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. పంటి నొప్పికి మంచిదని మా అమ్మకు వాళ్ళ అత్తగారే నేర్పారు. వారెవరూ చెడు తలంపుతో నేర్పలేదు.

అమ్మకు అంగిట్లో పుండు వచ్చినప్పుడు నేను దగ్గరలోని ఒక క్లినిక్‌కు తీసుకువెళ్ళాను. వేడి చేసిందని బీ కాంప్లెక్సు మాత్రలు, పూయడానికి ఒక జెల్లు ఇచ్చారు. తగ్గలేదని మళ్ళీ వెళితే మరో జెల్లు ఇచ్చారు. అలా ఏడు నెలలు గడిచిపోయాయి. అన్నాళ్ళలో ఒక్కరు కూడా టార్చిలైటు వేసి అంగిలి వైపు చూడలేదు, చుట్ట తాగుతావా అని అడగలేదు, మేమూ చెప్పలేదు. ఆ తరువాత కటకం పంపారు, ఆపరేషను చేసి అంగిలిలో సగం తీసేశారు. అమ్మ ఇప్పుడు ఒక పళ్ళెంలాంటి పరికరం పెట్టుకుంటే తప్ప నీళ్ళు ముక్కులోంచి వచ్చేస్తాయి, మాట అర్థం కాదు. ఆమె బతికి ఉంది, అందుకు కృతజ్ఞతలు. కాని ఆ ఏడు నెలలు నా లెక్కలోంచి పోవడం లేదు.

మాస్టారూ, పెద్దమ్మ గారి ముక్క పరీక్ష వాయిదా వేయకండి. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని మీ చుట్టాలు అంటారు, మా వాళ్ళూ అన్నారు. డాక్టరు గారూ, ఆ మాటకు మీరే జవాబు చెప్పండి.


సూక్ష్మదర్శిని (బరంపురం)

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ముక్క తీయడం వల్ల నోటి క్యాన్సర్ పాకదు. ముక్క తీసేనాటికే జబ్బు ముదిరి ఉండటం, తరువాత కొద్ది నెలలకు మనిషి పోవడం చూసి జనం రెండింటినీ ముడిపెట్టారు. పరీక్ష లేకుండా జెల్లు పూస్తూ గడిపిన కాలంలోనే అది పాకుతుంది. రెండు వారాలు దాటి మానని ఏ పుండునైనా, మచ్చనైనా తెలిసిన వైద్యుడు చూడాలి. తెల్ల మచ్చ కంటే ఎర్ర మచ్చ, తెలుపు ఎరుపు కలిసిన మచ్చ ఎక్కువ అనుమానించవలసినవి.


దంతవైద్యురాలు (రాయగడ)

పెద్దలు పొగాకు గురించి చెప్పారు కనుక నేను వక్క గురించి చెబుతాను. మా దగ్గరకు వచ్చే కుర్రవాళ్ళలో ఎక్కువమంది తమ్ముడు గారి వంటివారే, వారందరూ మొదట చెప్పే మాట "నేను పొగాకు ముట్టను మేడమ్" అనే. వక్క ఒక్కటే, పొగాకు కలవకపోయినా, మనిషికి క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004 లో వెలువరించిన సంపుటంలో మొదటి వర్గంలో, అంటే సందేహం లేని కారకాల జాబితాలో చేర్చింది. ఈ సంగతి ఇంకా మన పెళ్ళి పందిళ్ళ దాకా రాలేదు.

నోరు బిగుసుకుపోవడాన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటాం. వక్కలోని అరెకోలిన్ అనే పదార్థం పొర కింద ఉండే కణాలను పురిగొల్పి కొల్లాజెన్ అనే నారను అతిగా తయారు చేయిస్తుంది. వక్కలోని వగరు పదార్థాలు ఆ నార కరగకుండా అడ్డుపడతాయి. వక్కలో రాగి ఎక్కువ. ఆ రాగి నారపోగులను ఒకదానితో ఒకటి కుట్టేసే ఎంజైమును చురుకు చేస్తుంది. చివరకు బుగ్గ లోపల మెత్తటి పొర స్థానంలో తాడు పేనినట్టు పట్టెలు తగులుతాయి. మామూలుగా మనిషి తన మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టుకోగలగాలి. రెండే పడుతున్నాయంటే జబ్బు చాలా కాలంగా ఉన్నట్టే.

ఇక మ్యుటేషన్ సంగతి. వక్కకు సున్నం తోడైతే నోట్లో క్షారగుణం పెరుగుతుంది. ఆ స్థితిలో వక్కలోని పాలీఫీనాల్స్ తేలికగా ఆక్సీకరణం చెంది, చురుకైన ఆక్సిజన్ కణికలను విడుదల చేస్తాయి. అవి గ్వానిన్‌ను ఆక్సీకరించినప్పుడు ఆ గ్వానిన్ తన జత మరిచిపోయి అడినిన్ పక్కన కూర్చోగలుగుతుంది. పెద్దలు చెప్పిన గ్వానిన్ నుంచి థైమిన్ మార్పుకు ఇది మరో దారి. పొట్లంలోని వక్కపొడిలో సున్నం లేకపోయినా అరెకోలిన్ నుంచి నోట్లోనే నైట్రోసమీన్లు పుడతాయి. పైగా గరుకు వక్క బుగ్గను రోజంతా గీస్తుంది, గీసిన చోట విభజన పెరుగుతుంది. వక్కను ఎక్కడ దాచుకుంటారో, బుగ్గకూ చిగురుకూ మధ్య ఉన్న ఆ సందులోనే, మన దేశపు నోటి క్యాన్సర్లలో పెద్ద భాగం పుడుతుంది. కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ ఉన్నవారిని 17 ఏళ్ళు గమనిస్తే 7.6 శాతం మందికి అది క్యాన్సర్‌గా మారింది. ఇది తమ్ముడు గారిని భయపెట్టడానికి చెప్పడం లేదు. వక్క మానేస్తే బిగుసుకున్న నార పూర్తిగా వదలకపోవచ్చు, కాని కొత్త దెబ్బలు ఆగుతాయి. వ్యాయామాలు, ఇంజెక్షన్లు, అవసరమైతే శస్త్రచికిత్స ఉన్నాయి. ఆరు నెలలకోసారి నోరు చూపించుకుంటూ ఉండాలి, అది జీవితాంతం.

పదునైన పన్ను గురించి అడిగారు. దీర్ఘకాలం ఒకేచోట గీసుకునే పన్ను, సరిపడని కట్టుడు పళ్ళు అక్కడ వాపును నిలిపి ఉంచుతాయి, పొగాకు వక్కల దెబ్బకు తోడవుతాయి. ఒక్క పన్ను వల్లనే వచ్చిందని తేల్చడం కష్టం. అయినా దాన్ని నున్నగా అరగదీయడం పది నిమిషాల పని. తరువాత కూడా పుండు మానకపోతే తప్పు పన్నుది కాదని తెలిసిపోతుంది.

గుడాఖు విషయంలో నాకు నిజంగా ఆందోళనగా ఉంది. పొగాకు పొడిని బెల్లపు మడ్డితో కలిపి చేసిన ముద్ద అది. డబ్బాను పళ్ళపొడి పక్కన పెట్టి అమ్ముతారు, తల్లులు పిల్లలకు వేలితో ఇస్తారు, కాసేపటికి తల తిరగడాన్ని "ఒళ్ళు తేలికయింది" అంటారు. 2016-17 జాతీయ సర్వే ప్రకారం ఒడిశాలో పెద్దవారిలో 45.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు, దేశం మొత్తం మీద ఇది 28.6 శాతం. మన దగ్గర ఎక్కువ భాగం నమిలేది, రుద్దేది. గుట్కాను ఒడిశాలో 2013 జనవరిలో నిషేధించారు, కాని పాన్ మసాలా ఒక పొట్లం, జర్దా మరో పొట్లంగా దండలు వేలాడుతూనే ఉన్నాయి. కొన్నవారు అరచేతిలో కలుపుకుంటారు. మీ తరగతి పిల్లలకు క్యాన్సర్ బొమ్మలు చూపించడం కంటే, గుడాఖు డబ్బా మీద చిన్న అక్షరాలలో ఉన్న పొగాకు అన్న మాటను వారి చేత చదివించండి. చాలామంది పిల్లలకు అందులో పొగాకు ఉందనే తెలియదు.


తంపర (ఇచ్ఛాపురం)

ఒక సందేహం. మా బావగారు చుట్ట, వక్క, గుట్కా ఏదీ ముట్టలేదు. సాయంత్రం మందు అలవాటు మాత్రం ఇరవై ఏళ్ళుగా ఉంది. ఆయనకు నాలుక పక్కన వచ్చింది. మీరు చెప్పిన లెక్కలో ఆయన ఎక్కడ ఉంటారు?


సూక్ష్మదర్శిని (బరంపురం)

లెక్కలోనే ఉంటారు. మద్యం కూడా నోటి క్యాన్సర్‌కు నిర్ధారణ అయిన కారకమే. ఆల్కహాల్ శరీరంలో అసిటాల్డిహైడ్‌గా మారుతుంది. నోట్లో ఉండే సూక్ష్మజీవులు కూడా ఆ మార్పు చేస్తాయి కనుక లాలాజలంలో అది ఎక్కువగా చేరుతుంది. అసిటాల్డిహైడ్ డీఎన్ఏను పట్టుకుంటుంది, దాని రెండు పోగులను అడ్డంగా అతికించగలదు కూడా. పైగా మద్యం పొరను వదులు చేసి ఇతర విషాలను లోపలికి రానిస్తుంది. అందుకే పొగాకు, మద్యం రెండూ ఉన్నవారిలో ముప్పు రెండింటి మొత్తం కంటే చాలా ఎక్కువగా ఉంటుంది. హెచ్‌పీవీ 16 అనే వైరస్ మరో కారణం, అయితే అది నోటి కంటే గొంతు భాగంలో, టాన్సిళ్ళలోను నాలుక మొదట్లోను ఎక్కువ. దాని పద్ధతి వేరు: అక్షరాలు మార్చనవసరం లేకుండానే, తన ప్రోటీన్లతో కణంలోని టీపీ53 తయారు చేసిన కాపలా ప్రోటీన్‌ను నాశనం చేయిస్తుంది. ఇవేవీ లేకుండా, కేవలం నకలు రాయడంలో దొర్లిన తప్పుల వల్ల వచ్చేవి కూడా కొన్ని ఉంటాయి. అటువంటి మనిషిని ఏ అలవాటు దాచావని అడిగి బాధపెట్టడం అన్యాయం, మా వృత్తిలోనివారు కూడా ఆ పని చేస్తుంటారు.

మాస్టారు గారు అడిగిన మరో ప్రశ్న మిగిలింది, ఇప్పుడు మానితే ఏం లాభం అని. ఇప్పటికే పడిన అష్టాలు చెరగవు. కాని వేత ఆగుతుంది, వేడి ఆగితే విభజన నెమ్మదిస్తుంది, మరమ్మతుకు గడువు దొరుకుతుంది. పొగ మానినవారిలో నోటి క్యాన్సర్ అదనపు ముప్పు 5 నుంచి 10 ఏళ్ళలో సగానికి తగ్గుతుంది. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడేవారికి నచ్చజెప్పి మాన్పించే ప్రయత్నం చేసి, ఫలితాలను 1986 లో ప్రకటించారు; మానినవారిలో కొత్త మచ్చలు రావడం తగ్గింది. మన పల్లె ఆడవాళ్ళే మానగలిగారు కనుక 71 ఏళ్ళ మీ పెద్దమ్మ గారు కూడా మానగలరు. ఒక్కరే మానడం కష్టమైతే 1800 11 2356 జాతీయ సహాయక కేంద్రానికి ఉచితంగా ఫోన్ చేయవచ్చు.


మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కరిస్తున్నాను. నిన్న పెద్దమ్మకు ముక్క తీశారు. కెరటం గారి మాటలు ఆమెకు చదివి వినిపించాను. బల్ల మీద ఉన్న చుట్టల కట్టను తానే తీసి మా వదిన చేతికి ఇచ్చింది. రాత్రి మళ్ళీ అడిగింది, ఇవ్వలేదు, కోపంతో భోంచేయకుండా పడుకుంది. తమ్ముడు సోమవారం రాయగడ బయలుదేరుతున్నాడు. నివేదిక పది రోజులకు వస్తుందన్నారు. అందులో డిస్‌ప్లేసియా అనే మాట ఉండవచ్చని డాక్టరు ముందే చెప్పారు. దాని అర్థమేమిటో చెప్పగలరా?


సూక్ష్మదర్శిని (బరంపురం)

కణాల వరుస తప్పడం అని అర్థం. ఆరోగ్యమైన పొరలో అడుగు కణాలు చిన్నవిగా, నిలువుగా, ఒక వరుసలో ఉంటాయి. పైకి వచ్చే కొద్దీ చదునవుతాయి. విభజన అడుగుననే జరుగుతుంది. డిస్‌ప్లేసియాలో కేంద్రకాలు పెద్దవై నల్లగా రంగు పడతాయి, విభజన చెందుతున్న కణాలు ఉండకూడని ఎత్తులో కనిపిస్తాయి. ఈ అస్తవ్యస్తం అడుగు మూడో వంతులో ఉంటే తక్కువ, మధ్య వరకు వస్తే మధ్యస్థం, పైదాకా వస్తే తీవ్రం అని రాస్తాం. ఈ మూడింటిలోనూ కణాలు పొర కింది పలుచటి గోడను దాటలేదు, అంటే అది ఇంకా క్యాన్సర్ కాదు. దాటితేనే క్యాన్సర్. తక్కువ డిస్‌ప్లేసియా ఉన్నవారిలో ఎక్కువమందికి అది ఎప్పటికీ గోడ దాటదు. తీవ్రమైనదాన్ని మాత్రం పూర్తిగా తీసేయడమే మంచిది.

నివేదిక రాగానే మధ్యస్థమనో తీవ్రమనో ఉంటే, విశాఖపట్నంలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి గాని, కటకంలో ఆచార్య హరిహర్ కేంద్రం గాని, మీకు వెళ్ళిరావడం సులువైన చోటికి వెళ్ళండి. తీసిన ముక్కను పలుచగా కోసి అంటించిన గాజు పలకలు, మిగిలిన ముక్కను పొదిగిన మైనపు దిమ్మ రెండూ అడిగి తీసుకువెళ్ళండి. అవి మీవే, అక్కడివారు మళ్ళీ చూస్తారు, మరోసారి ముక్క తీయవలసిన అవసరం చాలాసార్లు తప్పుతుంది. ఈ పది రోజులు ఆమెకు కారం లేని మెత్తటి అన్నం పెట్టండి. చుట్ట అడిగినప్పుడు కసరకండి, పక్కన కూర్చోండి.